పాత బండి వెళ్లిన మర్నాడు

పాత కారును తీసుకెళ్లడానికి షోరూం అతను ఆదివారం పొద్దున పదింటికి వచ్చాడు. తాళాలు చేతికి తీసుకునే ముందు ఓ మాట అన్నాడు.

"మేడం, కొత్త బండి పూజ గురువారం అంటున్నరు గదా. అప్పటిదాంక ఇది మీ దగ్గర్నే ఉంచుకోండ్రి. నేను గురువారం వచ్చి తీస్కపోత. మాకేం ఫరక్ పడదు."

"వద్దు బాబూ, ఇవాళే తీసుకెళ్లు" అన్నాను.

మా ఆయన నావైపు ఒకసారి చూసి ఊరుకున్నారు. ఆయన అంతే, పూజలూ ముహూర్తాల దగ్గర నోరెత్తరు.

నేను బడికి వెళ్లి చదువుకున్నదాన్ని కాదు. చిన్నప్పుడు కీళ్ల జ్వరం గుండెకు పాకిందని నాన్న నన్ను ఇంట్లోనే కూర్చోబెట్టి, తనకొచ్చిందంతా నేర్పించారు. తిథి, వారం, నక్షత్రం చూడడం నాకు ఎక్కాలకన్నా ముందొచ్చింది. మా పుట్టింట్లో ఒక పద్ధతి ఉండేది. కొత్త ఆవును కొట్టంలో కట్టేలోపు అమ్మిన ఆవును తోలెయ్యాలి. రెండూ ఒకదాన్నొకటి చూడకూడదు. పాతది బెంగ పెట్టుకుంటుంది, కొత్తది పాలు ఎగ్గొడుతుంది అనేవారు నాన్న. మా బాచుపల్లి అపార్టుమెంటు సెల్లారులో నిలబడి, రెండు కార్ల మధ్య నాకు గుర్తొచ్చింది ఆ మాటే. మర్నాడు సోమవారమని, సోమవారం మా అత్తమ్మకు డయాలసిస్ అని గుర్తుకురాలేదు. గుర్తుకొచ్చినా, క్యాబ్ ఉంది కదా అనుకునేదాన్నేమో.

మూడేళ్లుగా సోమ, బుధ, శుక్రవారాలు పొద్దున ఏడింటికల్లా అత్తమ్మను మాదాపూర్‌లోని డయాలసిస్ సెంటరులో దించడం నా పని. ఆ పనంతా ఆ చిన్న కారు మీదే నడిచింది. నలభై దాటాక మా ఆయన పక్కన కూర్చుని నేర్పితే నడపడం నేర్చుకున్నాను. నా పేరుతో ప్రభుత్వం ముద్ర వేసి ఇచ్చిన ఒకే ఒక్క పరీక్ష ఫలితం నా డ్రైవింగ్ లైసెన్సు. ఆ కారు ఒక్కరోజు కూడా మొరాయించలేదు. చలికాలంలో గొంతు సవరించుకున్నట్టు కాస్త దగ్గేది, అంతే. మియాపూర్ చౌరస్తాలో నీళ్లు నిలిస్తే ఎంతవరకు పోవచ్చో దాని అడుగున తగిలే చప్పుడును బట్టి నాకు తెలిసేది. క్లచ్ మీద ఎడమ కాలు ఎంత లేపితే బండి కదులుతుందో కళ్లు మూసుకుని చెప్పగలను.

దాని తప్పల్లా ఒకటే, ఎత్తు తక్కువ. అత్తమ్మ మోకాళ్లు అరిగిపోయాయి. "ఇండ్ల కూసునుడంటే బాయిల దిగినట్టున్నది. దిగుడొక తిప్పలు, ఎక్కుడొక తిప్పలు" అనేది. మే నెలలో ఓ రోజు సెంటరు ముందు లేవబోయి వెనక్కి పడింది. సూదులు గుచ్చడానికి నరం కలిపి కుట్టిన ఎడమ చెయ్యి తలుపుకు తగిలింది. ఆ సాయంత్రమే మా ఆయన ఎత్తు సీట్లున్న కారు కోసం వెతకడం మొదలుపెట్టారు.

తీరా బండి కుదిరేసరికి ఆషాఢం వచ్చింది. ఆఫర్లన్నీ ఆషాఢంలోనే. "నెలాఖరు దాటితే ఇంత తగ్గించరు, అర్థం చేసుకో" అన్నారాయన. ఆషాఢంలో కొత్త బండి ఇంటికి తెస్తే ఎలా అన్నాను. చివరికి నేనే ఒక దారి కనిపెట్టాను. షోరూం అతనే నడిపి తెచ్చి సెల్లారులో పెట్టాలి. అది మన ప్రయాణం కాదు. సెల్లారులో ఉంటే ఇంట్లోకి వచ్చినట్టూ కాదు. సోమవారం అమావాస్యతో ఆషాఢం పోతుంది, మంగళవారం ఎలాగూ ఏదీ మొదలుపెట్టం, గురువారం తదియ, పొద్దున మంచి వేళ ఉంది. అప్పటిదాకా కవరు తియ్యం.

అత్తమ్మ విని పెద్దగా నవ్వింది. "సెల్లార్ మన ఇంట్ల కాదా? మరి గా మెయింటెనెన్స్ ఎందుకు కడ్తున్నమే?"

షోరూం అతను పాత కారెక్కి వెళ్లే ముందు కొత్తదాని సంగతి చెప్పడానికి తలుపు తీశాడు. నేను లోపల కూర్చోలేదు, బయట నిలబడే విన్నాను. "ఇండ్ల క్లచ్ లేదు మేడం. మీ ఎడమ కాలుకు ఇగ రిటైర్మెంట్" అన్నాడు. మా ఆయన నవ్వారు. నా కళ్లు పాతదాని మీదున్నాయి. అత్తమ్మ సెల్లారులో వేసిన కుర్చీలోంచే చెయ్యి చాచి దాని తలుపు నిమిరింది. "మంచిగ పో" అంది. అది ర్యాంపు ఎక్కి, గేటు దాటి, ఎడమవైపు తిరిగింది. ఇంజను చప్పుడు కాసేపు వినిపించి ఆగిపోయింది. మా ఆయన ఆ మధ్యాహ్నమే ఆఫీసు పని మీద పుణె వెళ్లారు.

ఆ రోజు అత్తమ్మ మనసు బాగాలేదు. నాదీ అంతే. "నోరు ఎండుకపోతున్నది, జర మజ్జిగ పొయ్యి బిడ్డా" అంది. ఆమెకు రోజుకింత అని నీళ్లు కొలిచిచ్చేదాన్ని నేనే. శుక్రవారం తర్వాత సోమవారం దాకా ఎడం ఎక్కువ, శనాదివారాలు మరీ జాగ్రత్త అని సిస్టర్ ప్రతిసారీ చెప్తుంది. అయినా గ్లాసుడు మజ్జిగ పోశాను. సాయంత్రం ఇంకో గ్లాసు. అన్నంలో కాసింత ఆవకాయ కూడా.

సోమవారం ఐదింటికి లేచేసరికి వాన కురుస్తోంది. దీపం పెట్టి, ఆరింటికి క్యాబ్ బుక్ చేశాను. ఒకతను ఒప్పుకుని, ఫోన్ చేసి, "ఎక్కడికి మేడం?" అని అడిగి, మాదాపూర్ అనగానే రద్దు చేశాడు. రెండో అతను మా వీధి చివరిదాకా వచ్చినట్టు మ్యాపులో కనపడి, అక్కడినుంచి వెనక్కి తిరిగాడు. మూడోది దొరకడానికి పావుగంట పట్టింది, అదీ రాలేదు. ఏడు దాటింది. సెంటరుకు ఫోన్ చేశాను.

"అమ్మా, ఈ వానల సగం మంది రాలే" అంది సిస్టర్. "పదకొండుకు రెండో బ్యాచ్ ఎక్కిస్తం. గంతలోపు తీస్కరండి. తర్వాత మిషన్ ఖాళీ లేదు, రేపే ఇగ. కానీ మీ అత్తమ్మకు రేపటిదాంక ఆగొద్దు, చెప్తున్న."

ఆగకూడదని నాకూ తెలుసు. ఎనిమిదిన్నరకు అత్తమ్మ కాళ్లు చూస్తే ఉబ్బాయి. వేలితో నొక్కితే గుంట పడింది, పూడలేదు. తొమ్మిదింటికి పడుకోలేక లేచి కూర్చుంది. రెండు దిండ్లు వీపుకు పెట్టాను. మాటకూ మాటకూ మధ్య గాలి కోసం ఆగుతోంది. వాచ్‌మన్ గొడుగేసుకుని రోడ్డు దాకా వెళ్లి, తడిసి ఒట్టిచేతులతో వచ్చాడు. "ఆటోలోళ్లు ఎవ్వరు వస్తలేరమ్మా. మియాపూర్‌ల నీళ్లు నిలిచినయట." ఒక ప్రైవేటు అంబులెన్సుకు ఫోన్ చేస్తే బయల్దేరామన్నారు. అరగంట తర్వాత మళ్లీ చేస్తే నిజాంపేట దగ్గర జాంలో ఉన్నామన్నారు. డ్రైవరు గొంతు వెనకాల హారన్లు వినబడుతున్నాయి. అతణ్ణి అని ఏం లాభం?

మా ఆయన పుణె నుంచి ఫోన్‌లో ఉన్నారు. "బండి తియ్" అన్నారు.

నా కళ్లు గోడమీది క్యాలెండరు మీదికి పోయాయి.

"వింటున్నవా? కింద బండి ఉన్నది. తాళం అల్మారాల ఉన్నది."

"నేను దాన్ని ముట్టుకోనైనా లేదండీ. ఇవాళ అమావాస్య కూడా."

అటువైపు మీటింగులో ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఆయన పక్కకు వచ్చినట్టున్నారు, చప్పుడు తగ్గింది. "నేను చెప్పేదేముంది" అన్నారు మెల్లగా. "అక్కడ ఉన్నది నువ్వు."

దేవుడి గూడు ముందుకు వెళ్లి నిలబడ్డాను. దీపం నిలకడగా ఉంది. ఎప్పుడైనా అక్కడ నిలబడితే ఏదో ఒకటి తోస్తుంది నాకు. ఆ పూట ఏమీ తోచలేదు. అడ్డం పడ్డది దేవుడు కాదు, నిన్న "ఇవాళే తీసుకెళ్లు" అన్నది నేను. ఇక దేవుణ్ణి ఏమని అడగాలి?

లోపలినుంచి అత్తమ్మ పిలిచింది. వెళ్లాను. దిండు మీద చేతులు ఆనించి ముందుకు వంగి కూర్చుంది.

"ఏందే... పంచాంగం సూస్తున్నవా?"

"లేదు అత్తమ్మా."

"సూడు సూడు." గాలి పీల్చుకుంది. "నేను పోయే ముహూర్తం గూడ... అండ్లనే ఉంటది."

ఎకసెక్కమే. కానీ ఆ మాట అన్నాక ఎప్పట్లా నవ్వలేదు. అల్మారా తీసి తాళం తీసుకున్నాను. గడియారంలో తొమ్మిదీ నలభై ఐదు.

ఎదురింట్లో కాకినాడ అమ్మాయి ఇంటినుంచే ఆఫీసు పని చేసుకుంటుంది. తలుపు కొట్టాను. నా మొహం చూసి చెవిలోవి తీసేసింది. "మామ్మగారికా? ఉండండి ఆంటీ, వస్తున్నా. మా ఆయన కారు తీసుకెళ్లిపోయారండీ, లేకపోతే..." అంటూనే చెప్పులేసుకుంది. తను కారు నడపదు. అయినా వెనక సీట్లో అత్తమ్మను పట్టుకోవడానికి ఒక మనిషి దొరికింది, అదే పదివేలనుకున్నాను.

కవరు లాగేశాం. వాచ్‌మన్, ఆ అమ్మాయి కలిసి అత్తమ్మను ఎక్కించారు. ఎత్తు సీటు, ఒక్క ఊపులో కూర్చుంది. కానీ వెనక్కి ఆనలేకపోయింది, ముందు సీటును పట్టుకుని వంగింది. నేను స్టీరింగు ముందు కూర్చుని బటన్ నొక్కాను. లైట్లు వెలిగాయి, ఇంజను కదల్లేదు. మళ్లీ నొక్కాను. రేడియో మోగింది. మళ్లీ నొక్కాను, లైట్లు ఆరిపోయాయి.

"ఏమైందండీ?"

"స్టార్ట్ అవ్వట్లేదమ్మా."

ఆ అమ్మాయి ఫోన్‌లో వెతికింది. వెనకనుంచి అత్తమ్మ ఊపిరి వినబడుతోంది, గొంతులో నీళ్లున్నట్టు. "బ్రేకు తొక్కి పట్టుకుని నొక్కాలంటండీ!"

తొక్కి నొక్కాను. అది స్టార్ట్ అయిన సంగతి కూడా నాకు చెవికి తెలియలేదు, అంత మెత్తగా ఉంది. గేరు మీట లాగి బ్రేకు మీంచి కాలు తీశాను. తనంతట తానే కదిలింది. ఆ కదలికకు బెదిరి, పదేళ్ల అలవాటున ఎడమ కాలు క్లచ్ వెతుక్కుని దిగింది. అక్కడున్నది బ్రేకు. ర్యాంపు మొదట్లో బండి తల కొట్టుకున్నట్టు ఆగింది. వెనక ఇద్దరూ ముందుకు తూలారు.

"పానం... నువ్వే తీస్తవా?" అంది అత్తమ్మ.

గేటు దగ్గర మళ్లీ అదే పొరపాటు చేశాను. వెనకనుంచి పాల వ్యాన్ అతను కిటికీలోంచి ఏదో అన్నాడు. ఎడమ కాలి చెప్పు విప్పేసి, ఆ కాలును వెనక్కి మడిచి సీటు కింద ఇరికించాను. చీర కుచ్చెళ్లు కూడా దాని కిందికే తోశాను. ఒక్క కాలితో బయల్దేరాను.

రోడ్డు మీద బండి ఎక్కడ మొదలవుతుందో, ఎక్కడ ముగుస్తుందో తెలియడం లేదు. పాతదాని ముక్కు నాకు సీటులోంచే కనబడేది. దీని ముక్కు వానలో ఎక్కడుందో. ఎడమవైపు బైకులు రాసుకుంటూ పోతుంటే ప్రతిసారీ గీసేశాననుకున్నాను. వైపర్ అనుకుని తిప్పింది ఇండికేటరు. హారన్ నొక్కితే మోగింది, అదొక్కటీ చోటు మారలేదు.

మియాపూర్ దాటేచోట నీళ్లు కనిపించాయి. బైకులవాళ్లు దిగి తోసుకుంటున్నారు. ఒక కారు మధ్యలో ఆగి, నాలుగు లైట్లూ కొట్టుకుంటోంది. పాత బండి అయితే పోవచ్చో కూడదో నా పాదానికే తెలిసేది. ఇది ఎంత లోతు తట్టుకుంటుందో నన్నడిగితే ఏం చెప్పను? ఆగాను. వెనక హారన్లు.

"ఆంటీ" అంది ఆ అమ్మాయి. గొంతు మారింది. "మామ్మగారు పలకట్లేదండీ."

"కళ్లు తెరిచే ఉన్నారా?"

"ఉన్నారండీ. చూస్తున్నారు. మాట రావట్లేదు. పెదాలు నల్లబడ్డాయి."

ఒక ఆఫీసు బస్సు మా పక్కనుంచి నీళ్లలోకి దిగింది. దాని వెనక రెండు పక్కలకూ నీళ్లు చీలి, క్షణంసేపు నేల కనబడింది. మళ్లీ మూసుకునేలోపు ఆ చీలికలోకి దిగాను. దేవుణ్ణి పైకే పిలిచాను, ఏ పేరుతో పిలిచానో తెలియదు. ఉన్న పేర్లన్నీ అయ్యుంటాయి. నీళ్లు తలుపుల దాకా వచ్చి కొట్టాయి. యాక్సిలరేటర్ మీద కాలు తీయలేదు. బస్సు ఎక్కింది, మేమూ ఎక్కాం.

హఫీజ్‌పేట ఫ్లైఓవర్ మీద కాస్త దారి దొరికింది. కొత్తగూడ దగ్గర ఏ బండీ కదలడం లేదు. పది ఇరవై ఐదు. ట్రాఫిక్ పోలీసాయన రెయిన్‌కోటులో మధ్యలో నిలబడి ఉన్నాడు. అద్దం దించడానికి బటన్ కోసం వెతికి వెతికి, వెనక అద్దం దించాను, తర్వాత ముందుది. వాన మొహం మీద కొట్టింది.

"అన్నా! డయాలసిస్ పేషెంటు! ఊపిరి అందుతలేదు!"

ఆయన దగ్గరికొచ్చి, వెనక సీటులోకి ఒక్కసారి తొంగిచూశాడు. ఏమీ అడగలేదు. ముందు నడుస్తూ బైకుల వీపుల మీద చేత్తో కొడుతూ, "జరుగు, జరుగు! నీకేమన్నా తొందరనా? అయ్యా, నువ్వు, గా కారు, జర ఎడమకు కొట్టు" అని అరుస్తూ, సిగ్నల్ దాకా పాదాలు మునిగే నీళ్లలో నడిచాడు. అటు చివర చెయ్యి ఊపి, వెనక్కి తిరిగి తన చోటికి వెళ్లిపోయాడు. ఆయన మొహం నేను సరిగా చూడలేదు. ఇప్పటికీ నా ప్రార్థనలో ఆయనకు మొహం లేదు, రెయిన్‌కోటు మాత్రమే.

పదీ యాభైకి సెంటరు మెట్ల ముందు ఆపాను. ఆపానంటే, ఆగింది. ముందు చక్రాలు ఫుట్‌పాత్ ఎక్కాయి. సిస్టర్ చక్రాల కుర్చీతో పరిగెత్తుకొచ్చింది. అత్తమ్మ మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టి, తూకం చూశారు. నాలుగు కిలోలకు పైగా నీరు. "ఏం తాగిచ్చిన్రమ్మా?" అంది సిస్టర్.  వాళ్లు తలుపు వేసేశారు.

ఆ తలుపు బయట ఎంతసేపు కూర్చున్నానో. కాకినాడ అమ్మాయి నా ఎడమ పాదం చూసి, "చెప్పేదండీ?" అంది. ఒక్క చెప్పుతో ఉన్నాను. ఆ అమ్మాయి లాప్‌టాపు కూడా లేకుండా, ఆఫీసులో ఎవరికో "ఎమర్జెన్సీ" అని ఒక్క ముక్క చెప్పి, ఫోను కట్టేసి నా పక్కనే కూర్చుంది. డాక్టరు లోపలికి వెళ్లాడు. బయటికొచ్చి, నాతో కాకుండా ఇంకెవరితోనో మాట్లాడి మళ్లీ లోపలికి వెళ్లాడు. నేను లేచి నిలబడ్డాను, కూర్చున్నాను. మా ఆయన రెండుసార్లు ఫోన్ చేశారు. "ఇంకా చెప్పలేదు" అన్నాను రెండుసార్లూ.

గంట తర్వాత సిస్టర్ తలుపు తీసింది. "నీరు దిగుతున్నది. మాస్కు తీసినం. మాట్లాడుతున్నది, నన్నే తిడుతున్నది. మీరొక్కరే రండి."

మా ఆయనకు ఫోన్ చేసి చెప్పాను.  ఆయన "నువ్వేమన్నా తిన్నవా?" అని అడిగారు.

లోపలికి పోబోతుంటే కింద సెక్యూరిటీ అతను పైకొచ్చాడు. "గా సీట్ల కవర్లు గూడ తియ్యని కొత్త బండి ఎవరిది? దారికి అడ్డం పెట్టిన్రు. తియ్యండ్రి." వెళ్లాను. ఒక్కదాన్నే కూర్చుని, వెనక్కి తీసి, పక్క సందులో గోడవారగా పెట్టాను. రెండుసార్లు ముందుకు, రెండుసార్లు వెనక్కి పోవాల్సి వచ్చింది. దిగేముందు స్టీరింగుకు రెండు చేతులూ జోడించాను. అంతకుమించి ఆ రోజు దానికి పూజ జరగలేదు.

పైకి వచ్చేసరికి అత్తమ్మ కళ్లు మూసుకుని ఉంది. పక్కన మిషను తిరుగుతోంది. ఎర్రటి గొట్టాలు రెండు, ఒకటి తీసుకుంటూ ఒకటి ఇస్తూ. నేను స్టూలు లాక్కుని కూర్చున్నాను.

"అత్తమ్మా."

"ఊఁ."

"తప్పు నాది. నిన్న అతను గురువారం దాకా ఉంచుకోమన్నాడు. నేనే పంపేసిన. మజ్జిగ కూడా నేనే పోసిన."

కళ్లు తెరిచింది. నా మొహంలోకి చాలాసేపు చూసింది.  ఎకసెక్కం వస్తుందనుకున్నాను, లేదా నేను జన్మలో మరిచిపోలేని మాట ఏదైనా. మూడేళ్లలో వందల గంటలు ఈ కుర్చీ పక్కన కూర్చున్నాను. అలాంటి చూపు నా మీద ఎప్పుడూ పడలేదు.

"గవన్ని తర్వాత మాట్లాడుకుందం" అంది. "సలి పెడ్తున్నది. దుప్పటి కప్పు."

లేచి, దుప్పటి మడత విప్పి, కాళ్ల నుంచి గొంతు దాకా కప్పాను. సూదులున్న ఎడమ చెయ్యి మాత్రం సిస్టర్లకు ఎప్పుడూ కనపడేట్టు బయటే ఉంచాను.